ఉప్పు బండికి రాసిన బోర్డు

చిన్నరైలు గురించి మాట్లాడమని ఈమధ్య నన్ను బళ్ళకీ కాలేజీలకీ పిలుస్తున్నారు. పిలిచినవాళ్ళందరూ ఒకటే అడుగుతారు. "సార్, ఆ రోజులు ఎంత బాగుండేవో చెప్పండి." ఏం బాగుండేవి, మీ మొహం! వేసవిలో ఇనుము ముట్టుకుంటే చేతులు బొబ్బలెక్కేవి. వానాకాలం షెడ్డులో మోకాలి లోతు నీళ్ళు. అయినా పిల్లలు చప్పట్లు కొట్టాలని నేనూ నాలుగు తియ్యటి అబద్ధాలు చెప్పి, శాలువా కప్పించుకుని ఇంటికొచ్చేస్తాను. బీరువాలో అలాంటి శాలువాలు ఓ డజను పడున్నాయి. ఒక్కటీ చలికి పనికొచ్చేది కాదు.

ఇప్పుడు రాస్తున్నది అందులోది కాదు. మీలో చాలామంది రేపో మాపో ఏదో ఒక కాగితం మీద సంతకం పెట్టే ఉద్యోగంలో చేరతారు. అందుకని మీకు చెబుతున్నాను. చదివాక నన్ను తిట్టుకుంటారు. తిట్టుకోండి.

నేను టీఎక్స్ఆర్‌గా పనిచేశాను. బండి బయల్దేరే ముందు చక్రాలూ బ్రేకులూ కొక్కేలూ చూసి, ఇది పోవచ్చు, ఇది పోకూడదు అని చెప్పేవాడన్నమాట. నౌపడ నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా ఒడిశాలోకి పోయే లైను మాది. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులు. అందుకే జనం దాన్ని చిన్నరైలు అనేవారు. బాగులేని వేగన్‌ని మేం 'సిక్' అనేవాళ్ళం. దాని పక్క రేకు మీద సుద్దముక్కతో పెద్ద ఇంటూ గుర్తు వేసి 'సిక్' అని రాసేస్తే, ఇక దాన్ని కదిపే హక్కు స్టేషన్ మాస్టరుకి కూడా లేదు. ఆ సుద్దముక్క నా జేబులో ఉండేది. ఇరవై ఏడేళ్ళ వయసులో అంత పెత్తనం చేతికిస్తే ఏ మనిషైనా కొంచెం పాడవుతాడు. నేను కొంచెం కంటే ఎక్కువే పాడయ్యాను.

తర్వాత్తర్వాత చిన్నలైను మూతపడింది, పెద్దలైను వచ్చింది. చిన్న వేగన్లన్నీ తుక్కు కింద అమ్మేశారు. నేను రిటైరై టెక్కలిలోనే ఉండిపోయాను. నాలుగేళ్ళ కిందట ఒక ఆదివారం పొద్దున్న స్కూటరు మీద ఒక మేష్టరమ్మ మా ఇంటికొచ్చింది. నౌపడ దగ్గర ఒక ఊళ్ళో హైస్కూల్లో సోషల్ చెబుతుంది. నలభై ఏళ్ళుంటాయి. ఆవిడ వెనకాల ఇద్దరు మగవాళ్ళు, వెల్డింగు షాపతనొకడు, ఇనప సామాన్ల కొట్టు షావుకారొకడు.

"తుక్కు కింద అమ్మినవన్నీ కరిగిపోలేదు సార్. కొన్ని ఇంకా ఊళ్ళల్లో పడున్నాయి. మేం వెతుకుతున్నాం. ఒక్కదాన్నయినా మళ్ళీ చక్రాల మీద నిలబెట్టాలి. మీరు మాతో వస్తే ఏది అసలుదో, ఏది కాదో తెలుస్తుంది" అంది.

"జీతమెంత?" అన్నాను సరదాకి.

"టిఫిను పెడతామండి" అన్నాడు షావుకారు. అతను నిజంగానే అన్నాడు, నిజంగానే పెట్టాడు. ఆ ముగ్గురూ ఆదివారాలు మానుకుని, సొంత పెట్రోలు పోసుకుని తిరిగే రకం. అలాంటివాళ్ళని చూస్తే నాకు మొదట నవ్వొచ్చేది, తర్వాత సిగ్గేసేది.

అలా ఒక ఏడాది తిరిగాం. పలాస దగ్గర ఒక జీడితోటలో ఒకటి దొరికింది. రైతు దాన్ని గోడౌను చేసుకుని పిక్కలు పోసుకున్నాడు. మమ్మల్ని చూడగానే దుడ్డుకర్ర పట్టుకుని వచ్చి, "ఏటి, అమ్మిన బండి మళ్ళీ లాక్కుపోడానికొచ్చినారా?" అన్నాడు. పొందూరు దగ్గర ఇంకొకటి. ఒకాయన పత్తి నిలవ చేసుకునేవాడట. అడుగు చెక్క మొత్తం చెదపురుగులు తినేసి, పైన రేకు మాత్రం మిగిలింది. కళింగపట్నంలో చేపలు ఆరబెట్టే చోట మూడోది. మేష్టరమ్మ ఆశగా దాని మీద చెయ్యి వేస్తే వేలు అవతలి పక్కకి వచ్చేసింది. ఉప్పుగాలికి ఇనుము అప్పడమైపోతుంది మరి.

నాలుగోది నౌపడ అవతల, ఉప్పు మడుల పక్కన ఉందని వెల్డింగతను కబురు తెచ్చాడు. కళింగపట్నంలోదే అలా ఉంటే ఉప్పు మడుల పక్కది ఇంకెలా ఉంటుందోనని ఉసూరుమంటూ వెళ్ళాం. తీరా చూస్తే అది నల్లగా నిగనిగలాడుతూ నిలబడి ఉంది. ఇటుక దిమ్మల మీద ఎక్కించి పెట్టారు. తలుపుల మడతబందులు తిరుగుతున్నాయి. ఎవరో ఏటేటా జీడిపిక్కల తొక్క నూనె పూస్తున్నారని వాసనబట్టి తెలిసింది. పడవలకి పూసే నూనె అది. తుప్పు దరిదాపులకి రాదు.

మేష్టరమ్మ పరుగెత్తింది. నేను నెమ్మదిగా వెళ్ళి, అలవాటు కొద్దీ కింది దూలం మీద పోత పోసిన నంబరు తడిమి చదివాను. చదివాక ఇంకోసారి తడిమి చూశాను. ఆ నంబరు నేను చచ్చేదాకా మరిచిపోలేను.

వెనక నుంచి మేకల్ని అదిలిస్తూ ఒక ముసలాయన వచ్చాడు. కళ్ళమీద చెయ్యి అడ్డం పెట్టుకుని నన్ను చూశాడు.

"ఎవులు?... టీఎక్సారు బాబా?" అన్నాడు. "ముసిలోరైపోనారు బాబూ."

అతను నా దగ్గర పనిచేసిన ఖలాసీ. నా కంటే ఆరేళ్ళు పెద్ద. అయినా నేను 'ఒరే' అని పిలిచేవాణ్ణి. ఆ రోజుల్లో అదే ఆచారం అని ఇప్పుడు సర్ది చెప్పుకోవచ్చు. కానీ మా నాన్నని ఎవరైనా అలా పిలిస్తే నేనూరుకునేవాణ్ణి కాదు.

ఇప్పుడు ఆ పాత కథ చెప్పాలి. ఇక్కడ దాకా వచ్చి తప్పించుకోలేను.

నలభై ఏళ్ళ పైమాటే. నాకు టెక్కలిలో డ్యూటీ. ఒకరోజు మధ్యాహ్నం నౌపడ నుంచి సరుకుల బండి వచ్చింది. అందులో ఒక వేగన్ నిండా ఉప్పు బస్తాలు. ఇరుసు చివర తిరిగేచోట ఒక నూనె పెట్టె ఉంటుంది. అందులో ఇత్తడి దిమ్మ, నూనెలో నానబెట్టిన నూలు పీచు. నూనె ఎండినా, దిమ్మ అరిగినా ఇరుసు కాలుతుంది. మరీ కాలితే విరుగుతుంది. బండి ఆగగానే ఒక్కొక్క పెట్టె మీదా చేతి వెనక భాగం ఆనించి చూడడం ఖలాసీ పని, పసిపిల్లకి జ్వరం చూసినట్టు. ఆ రోజు ఇతను ఉప్పు బండి పెట్టె మీద చెయ్యి పెట్టి, చురుక్కుమని వెనక్కి లాక్కున్నాడు. నా కోసం చూశాడు. నేను స్టేషన్ మాస్టరు గదిలో అద్దం ముందు తల దువ్వుకుంటున్నాను.

ఎందుకంటే ఆ రాత్రికి నేను శృంగవరపుకోట చేరాలి. మర్నాడు పొద్దున్న అక్కడ నాకు పెళ్ళిచూపులు. మూడింటికి బస్సు.

నేను బయటికి వచ్చేసరికి వేగన్ మీద ఇంటూ గుర్తూ, దాని కింద వంకరటింకర అక్షరాల్లో 'సిక్' అనీ రాసి ఉంది. ఎక్కడో పారేసిన సుద్దముక్క ఏరి అతనే రాశాడు. ఆ పని అతనిది కాదు, నాది. నాకు ఒళ్ళు మండింది. అంతకంటే ముందు బస్సు గుర్తొచ్చింది. వేగన్ సిక్ అయితే ఆ ఉప్పు బస్తాలన్నీ దింపి ఇంకో వేగన్‌లోకి ఎక్కించాలి. అయ్యేదాకా నేను అక్కడే నిలబడాలి. చీకటి పడుతుంది.

"ఒరే, సుద్ద నీ చేతికి ఎవడిచ్చాడు?"

"పెట్టె కాలిపోతన్నాది బాబూ. ఓపాలి సెయ్యెట్టి సూడండి."

"నూనె పోసి పంపెయ్."

"నూనె తాగే టైము దాటిపోయినాది బాబూ. లోన ఇత్తడి కరుగుతన్నాది. మీకు దండమెడతాను, పంపకండి."

నేను చెయ్యి పెట్టి చూడలేదు. అరచేత్తో ఆ ఇంటూ గుర్తు, ఆ వంకర అక్షరాలు చెరిపేశాను. ప్యాంటుకి సుద్ద అంటకుండా జేబురుమాలుతో చెయ్యి కూడా తుడుచుకున్నాను. పెళ్ళిచూపులకి వేసుకెళ్ళే ప్యాంటు కదా. బండి వెళ్ళింది. నేను బస్సెక్కాను.

పాతపట్నం చేరకముందే ఇరుసు విరిగి ఉప్పు బండి పట్టాలు తప్పింది. దాన్తోపాటు ఇంకొకటి పొలంలోకి ఒరిగిపోయింది. గార్డు కాలు విరిగింది. ఆయన రిటైరయ్యేదాకా కుంటుతూనే నడిచాడు. ఉప్పంతా ఒక రైతు మడిలో కలిసిపోయి, కొన్నేళ్ళ దాకా అక్కడ గడ్డి కూడా మొలవలేదని విన్నాను. ఆ సంబంధం సంగతంటారా, అమ్మాయికి నేను నచ్చలేదు.

విచారణ జరిగింది. పెద్ద పెద్దవాళ్ళు వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. ఖలాసీ లోపలికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాడు. సిక్ రాశాననీ, చెరిపేశారనీ. తర్వాత నన్ను పిలిచి అడిగారు. నేను ఏ గుర్తూ చూడలేదని చెప్పాను. నూనె పెట్టెల సంరక్షణ ఖలాసీ బాధ్యత అని కూడా చెప్పాను. అడక్కపోయినా చెప్పాను. అదే అతని పేరుతో సహా నా చేత్తో రాసిచ్చాను. అతన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. నన్ను ఇకముందు జాగ్రత్తగా ఉండమన్నారు. ఉన్నాను. ఆ తర్వాత నా సర్వీసులో ఒక్క బండి పట్టాలు తప్పలేదు. రిటైరైన రోజు ఆ సంగతి చెప్పి పొగిడారు కూడా.

నాకు అప్పుడు తెలియనిది ఒకటుంది. వాళ్ళ ఊళ్ళో అతనికి అసలు పేరు పోయి 'రైలు పడేసినోడు' అని పేరు స్థిరపడిపోయిందని. ఉప్పు మడుల్లో కూలికి వెళ్తే అదే పేరు. కొడుక్కి సంబంధాలు చూస్తే రైలు పడేసినోడి కొడుకు. మేం వెళ్ళేనాటికి మనవరాలు ఎనిమిదో తరగతి. ఆ మేష్టరమ్మ బళ్ళోనే చదివేది.

లైను మూసి వేగన్లు అమ్ముతుంటే అతను నంబరు వెతుక్కుని మరీ తుక్కు వ్యాపారి దగ్గర ఆ వేగన్ కొన్నాడట. పడిపోయిన తర్వాత దాన్ని బాగుచేసి మేం మళ్ళీ తిప్పాం మరి. బండికి దొరికిన మన్నింపు మనిషికి దొరకలేదు. ఎందుకు కొన్నావని అడిగితే, "ఏటో బాబూ, ఆ దినం నా మాట ఇన్నది ఇదొక్కటే కదా" అన్నాడు.

మేష్టరమ్మా వాళ్ళూ వేగన్ అటుపక్క టేపు పట్టి కొలుస్తున్నారు. ఇటుపక్క మేమిద్దరమే ఉన్నాం. దీన్ని బళ్ళో పట్టాల మీద నిలబెట్టి, పక్కన దీని కథ రాసి బోర్డు పెడతారట, ఇస్తావా అని అడిగాను. అతను మేక చెవులు నిమురుతూ కూర్చున్నాడు.

"ఇస్తాను. నాకేటీ ఇయ్యొద్దు. బోర్డు పెడతారంట కదా బాబూ, ఈ బండి కత రాసి? దాని మీద ఒక్క ముక్క రాయించండి. ఖలాసీ తప్పు నేదని. అంతే సాలు."

నా చూపు బండి పక్క రేకు మీదికి పోయింది.

"తమరి ఊసు ఎత్తొద్దు. ఎవులు సెరిపినారో రాయొద్దు. అది నాకక్కర్లేదు. నా మనవరాలు రోజూ ఆ బోర్డు ముందు నుంచే నడుస్తాది. ఖలాసీ తప్పు నేదని ఆ పిల్ల సదువుకోవాల."

"రాయిస్తాను" అన్నాను. ఒట్టు కూడా వేశాను. ఎవరి మీద ఒట్టేశానో మాత్రం చెప్పను.

వేగన్‌ని క్రేనుతో ఎత్తి లారీ మీద బడికి తెచ్చాం. తర్వాత ఎనిమిది నెలల పని. నా జీవితంలో అంత సంతోషంగా ఎప్పుడూ పనిచెయ్యలేదని చెబితే మీకు ఒళ్ళు మండుతుంది, కానీ నిజం. మూతపడ్డ షెడ్డు వెనక తుమ్మకంపలో కూరుకుపోయిన రెండు జతల చక్రాలు అనుమతి తెచ్చుకుని తవ్వుకొచ్చాం. అడుగుకి గుగ్గిలం చెక్క షావుకారు తెప్పించాడు. ఖలాసీ రోజూ పొద్దున్నే మడుల గట్టు మీంచి నడిచి వచ్చేవాడు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి బండి కిందకి పాక్కుంటూ వెళ్ళి, వెల్లకిలా పడుకుని పనిచేసేవాడు. వెల్డింగతను ఒక పగులు అతికించబోతే ఇతను చెయ్యి పట్టుకుని ఆపేశాడు.

"అతుకులెయ్యకు బాబూ. రివెట్లే కొట్టాల. ఎర్రగా కాల్చి కొట్టు, నాను సూపిస్తాను."

"ఇప్పుడు రివెట్లెవరు కొడతారు తాతా?"

"ఎవులూ కొట్టకపోతే మనం కొడతాం. అతుకు సూపుకి బాగుంటాది. బరువు మోసేకాడ తెలుస్తాది."

అతను నాతో పాత సంగతి మళ్ళీ ఒక్కసారి కూడా ఎత్తలేదు. టీ తాగేటప్పుడు గ్లాసు నాకే ముందు అందించేవాడు. బాబూ అనే పిలిచేవాడు. నేను 'ఒరే' అనలేక, 'ఏమండీ' అనడానికి నోరు రాక, ఎనిమిది నెలలూ అతన్ని ఏమనీ పిలవకుండా గడిపేశాను.

ఇక బోర్డు. మేష్టరమ్మ ఆ పని నాకు అప్పజెప్పింది. "వేగన్ చరిత్ర పది వాక్యాల్లో రాసివ్వండి సార్. మీరు రాస్తే ఇక దానికి తిరుగుండదు. తాత కూడా, ఏం రాయాలో బాబుకి చెప్పానన్నాడు."

మా ఇంటి వసారాలో కూర్చుని మొదలుపెట్టాను. ఎప్పుడు తయారైందో, ఎంత బరువు మోసేదో, ఏ సరుకులు తీసుకెళ్ళేదో, తొమ్మిది వాక్యాలు గంటలో వచ్చేశాయి. పదో వాక్యం దగ్గర కలం ఆగింది. 'ఒకసారి పట్టాలు తప్పింది. అందులో ఖలాసీ తప్పు లేదు' అని రాశాను. చదువుకున్నాను. ఖలాసీ తప్పు కాకపోతే మరెవరి తప్పు? చదివిన ప్రతివాడూ అదే అడుగుతాడు. ఆ రోజుల్లో టెక్కలిలో టీఎక్స్ఆర్ ఎవరు? ప్రారంభం రోజు వేదిక మీద కుర్చీలో కూర్చునేవాడే. కొట్టేశాను. 'ఖలాసీ ముందే గమనించినప్పటికీ' అని ఇంకోలా మొదలుపెట్టాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉంది. అదీ కొట్టేశాను. సాయంత్రానికి కాగితం మీద మిగిలింది ఇదీ: 'ఒక సందర్భంలో సాంకేతిక కారణాల వల్ల పట్టాలు తప్పినది.'

నా మనసుకి నేను చెప్పుకున్న సమాధానం కూడా వినండి. సాంకేతిక కారణం అంటే ఖలాసీ తప్పు లేదనే కదా అర్థం, మాట నిలబెట్టుకున్నట్టే కదా అనుకున్నాను. ఎన్నేళ్ళు ఆఫీసు కాగితాలు రాస్తే ఇంత తెలివి వస్తుందో ఆలోచించండి.

మేష్టరమ్మ చదివి, "భలే క్లుప్తంగా రాశారు సార్" అంది.

ప్రారంభం ఒక ఆదివారం పొద్దున్న. బంతిపూల దండలు, షామియానా, మైకు. వేగన్ చాక్లెట్ రంగులో మెరిసిపోతూ, ఇరవై గజాల పట్టా ముక్క మీద నిలబడింది. పక్కన గుడ్డ కప్పిన బోర్డు. పిల్లలు వరసల్లో కూర్చున్నారు. ఖలాసీ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, భుజం మీద కొత్త తువ్వాలు వేసుకుని వచ్చాడు. మనవరాలు ముందు వరసలో ఉంది. తాత దాన్ని వెతికి చూసి నవ్వాడు. అతను అలా నవ్వడం నేను ఎనిమిది నెలల్లో చూడలేదు.

గుడ్డ తీశారు. చప్పట్లు కొట్టారు. అందరూ ఫొటోలు తీసుకుంటుంటే అతను బోర్డు దగ్గరికి వెళ్ళాడు. చదువు కొంచెమే వచ్చు. వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టాడు. నేను వేదిక మీంచి ఆ వేలునే చూస్తున్నాను. ఒక్కొక్క వాక్యం దిగి, చివరి వాక్యం దగ్గరికి వచ్చింది. అక్కడ ఆగింది. మళ్ళీ వెనక్కి వెళ్ళి మొదటి నుంచి చదివాడు. ఎక్కడైనా తప్పిపోయిందేమోనని వెతికాడు కాబోలు. బోర్డు వెనక పక్కకి కూడా వెళ్ళి చూసి వచ్చాడు.

అప్పుడే మైకులో అతన్ని వేదిక మీదికి పిలిచారు. బండి ఇచ్చిన దాత కదా. షావుకారు శాలువా కప్పాడు. మేష్టరమ్మ మైకు అతని చేతికిచ్చి, "రెండు మాటలు చెప్పు తాతా" అంది.

అతను మైకు పట్టుకుని నా వైపు తిరిగాడు.

"నాకు సదువు తక్కువ బాబూ. ఒక్కటే అడగాల. సాంకేతిక కారణాలు అంటే ఏటి?"

జనం ముచ్చటపడి నవ్వారు. ముసలాయన అమాయకంగా అడిగాడనుకున్నారు. మేష్టరమ్మ, "సార్, మీరే చెప్పాలి ఇది" అంటూ నవ్వుతూ నన్ను లేపింది. ఖలాసీ మైకు తన చేత్తోనే నా చేతిలో పెట్టాడు.

లేచి నిలబడ్డాను. నిజం చెప్పడానికి ఒక్క నిమిషం పట్టేది. నేను మాత్రం నాలుగు నిమిషాలు మాట్లాడాను. లోహాలు ఏళ్ళ తరబడి బరువు మోస్తే లోపల అలిసిపోతాయని, కంటికి కనపడని పగుళ్ళు వస్తాయని, ఇరుసు అలాగే విరిగి ఉంటుందని, అది ఏ మనిషి చేతిలోనూ ఉండదని చెప్పాను. భేషుగ్గా చెప్పాను. సైన్సు మేష్టరు తల ఊపాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ముందు వరసలో ఆ మనవరాలు కూడా కొట్టింది.

అతను చివరిదాకా విన్నాడు.

"అలగా" అన్నాడు. మైకు లేకుండానే అన్నాడు. "ఇనుము అలిసిపోనాదన్నమాట. సరే బాబూ."

మెట్లు దిగి, మనవరాల్ని కూడా పిలవకుండా, మడుల దారి పట్టి వెళ్ళిపోయాడు. శాలువా కుర్చీ మీద మడతపెట్టి ఉంది. కప్పిన దానికంటే బాగా మడతపెట్టాడు.

ఆ తర్వాత తొమ్మిది రోజులు నేను బయటికి వెళ్ళలేదు. పదో రోజు మేష్టరమ్మ దగ్గరికి వెళ్ళి మొత్తం చెప్పాను. అంతా అయ్యాక, "భలే రాశారని నేనే అన్నాను కదా సార్" అంది. ఇక నా మొహం చూడలేదు. బోర్డు తీయించి కొత్తది రాయిస్తానని మాత్రం చెప్పింది. రాయించింది కూడా. ఇప్పుడు అక్కడ ఉన్నది ఆవిడ రాయించిందే. అందులో అతను కోరుకున్న ముక్క ఉంది.

ఆ సంగతి చెబుదామని నేను ఉప్పు మడులకి వెళ్ళాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, తెలుసు. వేగన్ ఉన్నచోట ఇటుక దిమ్మలు మిగిలాయి. వాటి మధ్య తాటాకు పందిరేసి మేకల్ని కట్టాడు. నన్ను చూసి లేవలేదు.

"బోర్డు మారుస్తున్నారు" అన్నాను.

"మేష్టరమ్మ వొచ్చి సెప్పినాది. ఏడిసినాది. మంచి పిల్ల."

"తప్పయిపోయింది."

అతను గొడ్డలి తీసుకుని కొమ్మ మండలు నరుకుతూ మేకలకి వేశాడు. తర్వాత తలెత్తకుండానే అన్నాడు.

"బోర్డు సదివినాక నాకు కోపం రానేదు. రాసేకాడ బయమేసి ఉంటాది అనుకున్నాను. అందుకే అందరి ముందూ అడిగినాను. మైకు నీ సేతికి నానే ఇచ్చినాను. ఇప్పుడైనా సెప్తావేమోనని."

నన్ను అతను 'నువ్వు' అనడం అదే మొదటిసారి.

నా నోరు ఊరుకోలేదు. "ఇదంతా నేను రాస్తాను. ఉన్నదున్నట్టు. అచ్చు వేయిస్తాను. నీ పేరు పెట్టి, తప్పు నీది కాదని నా చేత్తోనే రాస్తాను" అన్నాను.

అతను గొడ్డలి పక్కన పెట్టి నన్ను సూటిగా చూశాడు.

"రాసుకో. నా పేరు మాత్రం నీ సేత్తో రాయొద్దు. ఓపాలి రాసినావు, సాలు."